బంగారు అంచు పింగాణీ పళ్లాలు: ఒక పరిశీలన

'పింగాణీ' అనే మాట మనకు పారసీకం నుండి ఉర్దూ ద్వారా వచ్చినది. పారసీకంలో 'పింగాన్' అంటే గిన్నె. అరబ్బులు దానినే 'ఫిన్జాన్' అన్నారు. అదే వస్తువును మన ఇండ్లలో ఉర్దూ మాట్లాడేవారు 'చీనీ' అంటారు. పళ్లానికి 'రికాబీ' అని పేరు. ఈ విధంగా ఒక మాటలో పారసీక దేశమూ, మరొక మాటలో చీనా దేశమూ మన వంటింటిలో నిలిచి ఉన్నవి. అయితే ఈ వ్యాసంలో మేము ప్రస్తావించదలచినది ఆ రెండు దేశాల పింగాణీ కాదు. జర్మనీలో తయారై, అంచున బంగారు పూత కలిగి, ఏ దారిన వచ్చినవో గాని మన కర్నూలు, కడప పట్టణాలలోని పాత ఇండ్లలో అక్కడక్కడ కనిపించే పళ్లాలను గూర్చి కొన్ని విషయాలు విద్యార్థులకు తెలియజేయాలని మా ఉద్దేశం.

ఇందుకు ఒక కారణం ఉన్నది. ఈ పళ్లాలు గాజు తలుపుల అలమారాలలోనో, గోడ గూళ్లలోనో ఉండేవి. వియ్యంకులు వచ్చినప్పుడూ, పండుగనాడూ, ఫాతిహా నాడూ మాత్రమే దస్తర్‌ఖాన్ మీదికి వచ్చేవి. వాటిని జాగ్రత్త చేసిన నానమ్మలు, అమ్మమ్మలు వెళ్లిపోయారు. ఇప్పుడు పాత సామాను కొనేవారు వీధులలో తిరుగుతూ, బంగారు అంచు చీనీ ఉన్నదా అని అడిగి మరీ తీసుకొనిపోతున్నారు. బదులుగా స్టీలు డబ్బాలో, ప్లాస్టిక్ కుర్చీలో ఇస్తున్నారు. పన్నెండు పళ్లాల జోడులో నాలుగు ఒకరికీ, మిగిలినవి మరొకరికీ పోతున్నవి. అమ్మేవారు బంగారం పోయిందే అని బాధపడుతున్నారు. కొనేవారు బంగారం వచ్చిందని నమ్మిస్తున్నారు. రెండూ పొరపాటే. ఆ సంగతి లెక్కతోనే చెప్పవచ్చు.

ఇరవైఐదు సెంటీమీటర్ల వ్యాసం గల పళ్లెం తీసుకొందాము. దాని చుట్టుకొలత సుమారు 78 సెంటీమీటర్లు. బంగారు అంచు అర సెంటీమీటరు వెడల్పు ఉన్నదనుకొంటే, బంగారం పరచుకొన్న వైశాల్యం 39 చదరపు సెంటీమీటర్లు. పందొమ్మిదవ శతాబ్దం తరువాతి మామూలు మెరుపు పూతలో బంగారం మందం ఒక మిల్లీమీటరులో పదివేలవ వంతుకు దరిదాపుగా ఉంటుంది. ఘన సెంటీమీటరు బంగారం 19.3 గ్రాములు తూగుతుంది. ఈ అంకెలను హెచ్చవేసి చూస్తే పళ్లెం మీది బంగారం సుమారు ఏడున్నర మిల్లీగ్రాములు. వంద పళ్లాల అంచులు గీకి తీసినా ఒక గ్రాము రాదు. కంసాలి త్రాసులో ఇది లెక్కకు అందదు. కాబట్టి పళ్లెం విలువ బంగారంలో లేదు. ఆ బంగారాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ పద్ధతిలో పూశారు అనే దానిలో ఉన్నది. అది చదవడం నేర్చుకొన్నవాడే నిజమైన సంగ్రాహకుడు.

ఐరోపాలో ఈ కళ పుట్టుకకు కూడ బంగారమే కారణం కావడం ఒక వింత. చీనావారు వేయి సంవత్సరాలకు పైగా చేస్తున్న తెల్లని పింగాణీ రహస్యం ఐరోపావారికి చాల కాలం అంతుపట్టలేదు. సాక్సనీ పాలకుడు, పోలండు రాజు అయిన అగస్టస్‌కు ఆ వస్తువులంటే వ్యామోహం. 1717లో ఆయన ప్రష్యా రాజుకు ఆరువందల మంది సైనికులను ఇచ్చి, 151 చీనా పింగాణీ వస్తువులు పుచ్చుకొన్నాడు. మనుషులను ఇచ్చి కుండలు కొన్న రాజును ఏమనాలో పాఠకులే నిర్ణయించుకొందురు గాక.

ఆ రాజుగారి చెరలోనే యోహాన్ ఫ్రీడ్రిష్ బోట్గర్ అనే యువకుడు ఉండేవాడు. 1682లో పుట్టిన ఇతడు బెర్లిన్‌లో మందుల దుకాణంలో పని నేర్చుకొంటూ, తనకు రసవాదం తెలుసునని, నీచలోహాన్ని బంగారం చేయగలనని చెప్పుకొన్నాడు. ఆ మాట రాజుల చెవిన పడింది. 1701లో ప్రష్యా నుండి పారిపోయి వచ్చి సాక్సనీలో చిక్కాడు. రసవాదానికి అరబ్బులు పెట్టిన 'అల్ కీమియా' అనే పేరే ఐరోపా భాషలలోకి వెళ్లిందని మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. బంగారం రాలేదు. చిర్న్‌హౌస్ అనే పండితుడు అతనిని మట్టి ప్రయోగాల వైపు మళ్లించాడు. 1708 జనవరిలో తెల్లగా, వెలుగు సోకితే పారదర్శకంగా కనిపించే ముద్ద కొలిమి నుండి బయటికి వచ్చింది. అదే సంవత్సరం చిర్న్‌హౌస్ మరణించాడు. 1710లో డ్రెస్డెన్‌కు దగ్గరలోని మైసెన్ అనే ఊరిలో, ఆల్బ్రెష్ట్స్‌బర్గ్ కోటలో, రాజు పేరిట కర్మాగారం మొదలైంది. బోట్గర్ 1719లో ముప్పైయేడవ ఏటనే కన్నుమూశాడు. మైసెన్ కర్మాగారం నేటికీ నడుస్తున్నది. బంగారం చేస్తానన్నవాడు మట్టి పళ్లెం చేశాడు. ఆ పళ్లెం అంచుకు తరువాతివారు బంగారం పూశారు.

పింగాణీకి మూడు పదార్థాలు ముఖ్యం. తెల్లని చీనా మట్టి, ఫెల్డ్‌స్పార్, పలుగురాయి. వీటిని కలిపి సుమారు 1400 డిగ్రీల వేడిలో కాల్చాలి. అప్పుడది గాజువలె గట్టిపడి, నీరు పీల్చని వస్తువు అవుతుంది. మన రాయలసీమ నేలకు ఈ కళతో ప్రత్యక్ష సంబంధం లేదు గాని, ఒక పరోక్షమైన చుట్టరికం ఉన్నది. చిరకాలం కడప జిల్లాలో భాగంగా ఉన్న మంగంపేట ముగ్గురాయి, అనగా బెరైటీస్, లోక ప్రసిద్ధం. ఇంగ్లండులో జోసయ్య వెడ్జ్‌వుడ్ పద్దెనిమిదవ శతాబ్దంలో తన ప్రఖ్యాతమైన నీలి రంగు జాస్పర్ వస్తువులకు వాడిన ముఖ్య పదార్థం ఆ జాతి రాయే. అయితే ఆయన దానిని తన దేశంలోని గనుల నుండియే తెచ్చుకొన్నాడు.

ఇక బంగారం పూసే పద్ధతులకు వద్దాము. పళ్లెం వయస్సు తెలుసుకోవడానికి ఇది మొదటి ఆధారం. తొలి కాలంలో బంగారు రేకును తేనెతో నూరి, కుంచెతో పూసి, తక్కువ వేడిలో కాల్చేవారు. కాలిన తరువాత బంగారం మసకగా ఉంటుంది. దానిని అకీక్ రాయితో రుద్దితేనే మెరుగు వస్తుంది. ఈ పూత కొంత మందంగా, చేతికి తగిలేటట్లు, వెచ్చని పసుపు రంగులో ఉంటుంది. మిరుమిట్లు గొలపదు. పద్దెనిమిదవ శతాబ్దం ద్వితీయార్థంలో పాదరసంతో కలిపి పూసే పద్ధతి వ్యాపించింది. కాల్చినప్పుడు పాదరసం ఆవిరైపోయి బంగారం నిలుస్తుంది. ఆ ఆవిరి పీల్చిన పనివాండ్ల ఆయుష్షు ఎంత తగ్గిందో పళ్లెం మీద వ్రాసి ఉండదు. పిమ్మట 1827 ప్రాంతంలో మైసెన్‌లోనే క్యూన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ద్రవరూపమైన మెరుపు బంగారాన్ని కనిపెట్టాడు. దీనికి రుద్దడంతో పని లేదు. కొలిమి నుండి అద్దంవలె మెరుస్తూ వస్తుంది. బంగారం బహు స్వల్పంగా పడుతుంది గనుక చౌక. బంగారు అంచు రాజుల బల్ల నుండి సామాన్య గృహస్థుల ఇంటికి దిగి రావడానికి ఈ ద్రవమే ముఖ్య కారణమని మా అభిప్రాయం. మన ఇండ్లలో ఉన్నవి దాదాపు అన్నీ ఈ తరువాతి కాలానివే. ఇవి త్వరగా అరుగుతవి. అరిగిన తీరు చూసి కూడ కొంత గ్రహించవచ్చు. నిజంగా వాడిన పళ్లెంలో బంగారం చేతులు తగిలే చోట, పళ్లాలు ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు ఒరిసే చోట ఎక్కువగా పోతుంది. అంచు పొడవునా ఒకే తీరున అరిగి ఉంటే, ఎవరో పాతదిగా కనిపించడానికి రుద్దినట్లు అనుమానించాలి.

ఇక్కడ మన విద్యార్థులు ఒక ప్రశ్న వేస్తారు. వేయవలసిన ప్రశ్నయే. బంగారు, వెండి పాత్రలలో తినడం, త్రాగడం మనకు నిషిద్ధం కదా, బంగారు అంచు పళ్లెంలో తినవచ్చునా? ఫత్వా చెప్పే అధికారం తెలుగు ఉపన్యాసకులమైన మాకు లేదు. అయితే గ్రంథాలలో ఉన్న చర్చను తెలుపవచ్చు. నిషేధం హదీసులలో స్పష్టంగా ఉన్నది. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ సంప్రదాయంలో, పన్నెండవ శతాబ్దపు మర్గీనానీ రచించిన హిదాయాలో ఈ విషయం వచ్చింది. వెండి తాపిన పాత్రను గూర్చి ఇమామ్ అబూ హనీఫా, వెండి ఉన్న చోట పెదవి తగలకుండ వాడుకోవచ్చునన్నారు. ఇమామ్ అబూ యూసుఫ్ దానిని ఇష్టపడలేదు. ఈ భేదాభిప్రాయం లోహాన్ని పాత్ర నుండి వేరుచేయగలిగినప్పుడే. వేరుచేయడానికి వీలులేని ఉత్త పూత విషయంలో అభ్యంతరం లేదని అందరూ అంగీకరించినట్లు ఆ గ్రంథం చెప్పుతున్నది. పైన మేము చేసిన ఏడున్నర మిల్లీగ్రాముల లెక్కకూ, ఆనాటి న్యాయవేత్తల విచక్షణకూ ఎంత దగ్గర పోలిక ఉన్నదో గమనించదగినది. సందేహం ఉన్నవారు తమ ఆలిములను అడిగి తెలుసుకోవాలి.

ఈ నిషేధమే మరొక కళకు ప్రేరణ ఇచ్చిందని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. తొమ్మిదవ శతాబ్దంలో, అబ్బాసీ ఖలీఫాల నాటి ఇరాకులో, కుమ్మరులు రాగి, వెండి లవణాలతో మట్టి పాత్రలపై బంగారు కాంతి తెప్పించారు. బంగారం లేకుండానే బంగారు వన్నె! బోట్గర్ పుట్టడానికి ఎనిమిది వందల ఏండ్లకు ముందటి మాట ఇది. తిరిగి పద్దెనిమిదవ శతాబ్దంలో మైసెన్ కర్మాగారం తుర్కీ విపణి కోసం పిడి లేని చిన్న కాఫీ గిన్నెలను ప్రత్యేకంగా తయారు చేసింది. అరబ్బుల ఫిన్జాన్ ఈ విధంగా సాక్సనీ దాకా వెళ్లి తిరిగి వచ్చినట్లయినది.

పళ్లెం వయస్సు చెప్పే రెండవ ఆధారం దాని వెనుకవైపు ముద్ర. ముందు బొమ్మను చూచి మురిసేవారే గాని, తిరగవేసి చూచేవారు తక్కువ. మైసెన్ ముద్ర నీలి రంగులో, మెరుపు పూత క్రింద, ఒకదానినొకటి ఖండించే రెండు కత్తులు. 1722 ప్రాంతంలో ఇది వాడుకలోకి వచ్చింది. ఈ గుర్తును అనుకరించినంతగా మరి దేనినీ అనుకరించలేదు. కత్తులు కనిపించగానే మైసెన్ అని నిశ్చయించరాదు. ఆ కత్తుల మీద అడ్డంగా గీత గీకి ఉంటే, అది లోపం గలదనో, రంగులు వేయకుండ తెల్లగా అమ్మినదనో అర్థం. తెల్లని పళ్లాలను కొని బయట బంగారం పూసుకొనేవారు పద్దెనిమిదవ శతాబ్దంలోనే ఆగ్స్‌బర్గ్ నగరంలో ఉండేవారు. వారు దిద్దిన బంగారు చీనా బొమ్మలు నేడు అమూల్యం. కాబట్టి మట్టి ఒకరిది, బంగారం ఒకరిది కావచ్చు. బెర్లిన్ రాజ కర్మాగారం 1763లో ఫ్రెడరిక్ రాజు చేతికి వచ్చింది. దాని గుర్తు రాజదండం. డ్రెస్డెన్ నగరంలో బంగారం పూసే నలుగురు వ్యాపారులు 1883లో కిరీటం గుర్తును నమోదు చేయించుకొన్నారు. అందుచేత 'డ్రెస్డెన్' అని వ్రాసి ఉన్నదంతా మైసెన్ కాదు.

మన ఇండ్లలోని పళ్లాలకు ఇంతటి రాజవంశం ఉండదు. వాటి వెనుక సాధారణంగా ఒక దేశం పేరో, ప్రాంతం పేరో ఉంటుంది. ఇదే చరిత్ర విద్యార్థికి పండుగ. 1887లో ఇంగ్లండు, 1890లో అమెరికా చేసిన చట్టాల వలన పరదేశపు సరుకు మీద పుట్టిన దేశం పేరు వేయవలసి వచ్చింది. కాబట్టి 'జర్మనీ' అనే మాట ఉన్న పళ్లెం సామాన్యంగా ఆ తరువాతిదే. 'బవేరియా' అని ఉంటే దక్షిణ జర్మనీ. రోజెంతాల్ సంస్థ 1879లో అక్కడి సెల్బ్ ప్రాంతంలోనే మొదలైంది. 'సైలీషియా' అని ఉంటే 1945కు పూర్వం జర్మనీలో ఉండి, నేడు చాల భాగం పోలండులో కలిసిన సీమ. 'కార్ల్స్‌బాద్, ఆస్ట్రియా' అని ఉంటే 1918కి ముందటిది. అది జర్మనీ కానే కాదు. ఆ ఊరే తరువాత 'చెకోస్లొవేకియా' ముద్ర క్రిందికి వచ్చింది. 'అమెరికా మండలం, జర్మనీ' అని ఉంటే రెండవ ప్రపంచయుద్ధం ముగిసి, జర్మనీ విదేశీ సైన్యాల అధీనంలో ఉన్న 1945-49 నాటిది. 'పశ్చిమ జర్మనీ' అంటే 1949 తరువాతిది, 1990కి ముందటిది. ఒక పళ్లెం వెనుక ఇన్ని రాజ్యాలు పుట్టి గిట్టినవి! తరగతిలో ఐరోపా పటం గీసి చెప్పిన దానికంటె ఇది బాగా మనస్సులో నాటుతుందని మా అనుభవం.

మరికొన్నింటిని వేరుచేసి చూడాలి. నడుమ ప్రణయ జంట బొమ్మ, దాని మూల ఫ్రాగొనార్ అనే ఫ్రెంచి చిత్రకారుని పేరు, చుట్టూ దట్టమైన బంగారం ఉన్న పళ్లాలు చాల కనిపిస్తవి. ఆయన చేతితో వ్రాసినవని మోసపోరాదు. అవి అచ్చు బొమ్మలు. భూతద్దంతో చూస్తే చిన్న చుక్కలు తెలుస్తవి. ఇక కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుండి కువైట్ వెళ్లినవారు తెచ్చిన బంగారు గీతల సెట్లు ఉన్నవి. వాటిలో చాల వరకు పింగాణీ కాదు, పాలవన్నె గాజు. పింగాణీ పళ్లానికి అడుగున పూత లేని గరుకు వలయం సాధారణంగా ఉంటుంది. దీపానికి ఎదురుగా పట్టి వెనుక వ్రేళ్లు కదిలిస్తే నీడ కనిపిస్తుంది. గోటితో మీటితే గంటవలె మ్రోగుతుంది. మ్రోగకుండ బొంగురు పోతే ఎక్కడో సన్నని పగులు ఉన్నదన్నమాట. బెంగాల్ పాటరీస్, గ్వాలియర్ పాటరీస్ ముద్రలు గల మన దేశపు పళ్లాలు దొరికితే జర్మనీవి కావని తీసివేయకుండ వాటినీ దాచుకోవాలి. వాటి చరిత్రను వ్రాయవలసినవారము మనమే.

జర్మన్ పింగాణీని మన రాష్ట్రాల పరిసరాలలో కన్నులారా చూడగల చోటు హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం. మీర్ యూసుఫ్ అలీ ఖాన్, మూడవ సాలార్‌జంగ్, 1912 నుండి 1914 వరకు నిజాం వద్ద దివానుగా ఉండి, ఆ పదవి వదలిన పిమ్మట జీవితమంతా వస్తు సంగ్రహానికే వెచ్చించారు. అవివాహితులుగానే 1949లో గతించారు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో మ్యూజియాన్ని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయినది. 1968లో మూసీ ఒడ్డున ఉన్న నేటి భవనానికి మారింది. ఆ పాత దేవిడీలో 'చీనీఖానా' అనే గది ఉండేది. దాని గోడలకు పింగాణీ పళ్లాలు, గిన్నెలు పొదిగి ఉండేవి. మ్యూజియంలోని ఐరోపా విభాగంలో డ్రెస్డెన్ పింగాణీ, ఫ్రాన్సు దేశపు సేవ్ర్, ఇంగ్లండు వెడ్జ్‌వుడ్ పక్కపక్కనే చూడవచ్చు. మేలిమి వస్తువుల సరసనే సామాన్యమైనవి కూడ ఆ సంగ్రహంలో ఉన్నవని విమర్శకులు అంటారు. మాకు అది లోపంగా తోచదు. పక్కన సామాన్యమైనది లేకపోతే మేలిమి ఏదో కంటికి ఎట్లా తెలుస్తుంది? విహారయాత్రకు వెళ్లిన విద్యార్థులు 'ముసుగు రెబెకా' విగ్రహం దగ్గరా, గంటలు కొట్టే గడియారం దగ్గరా గుమిగూడి తిరిగి వస్తారు. ఈసారి ఒక గంట పింగాణీ గదులకు కేటాయించవలెనని కోరుతున్నాము.

నవాబుగారివలె కొనే శక్తి మనకు లేదు. అవసరమూ లేదు. ఇంట్లో ఉన్నదానిని పోగొట్టుకోకుండటమే మన సంగ్రహం. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాత పట్టణం మునిగినప్పుడు కాగితాలకు, పుస్తకాలకు కలిగిన నష్టం మనకు తెలిసినదే. పింగాణీని బురద ఏమీ చేయలేదు. కడిగితే పోతుంది. పింగాణీకి శత్రువు నీరు కాదు, మన చేతులే. బూడిద, ఇసుక, స్టీలు పీచు బంగారాన్ని గీకివేస్తవి. చింతపండు పులుసుతో తోమితే రాగి చెంబుకు మేలు గాని, పళ్లెం మీది రంగులకు మంచిది కాదు. గోరువెచ్చని నీరు, కొద్దిగా సబ్బు, మెత్తని గుడ్డ చాలును. మన బోరు నీటిలో ఉప్పు ఎక్కువ గనుక వెంటనే తుడవాలి. లేకున్న తెల్లని మరకలు నిలుస్తవి. మైక్రోవేవ్ పొయ్యిలో పెట్టరాదు, బంగారం వద్ద నిప్పురవ్వలు లేస్తవి. ఒకదానిపై ఒకటి పేర్చేటప్పుడు నడుమ కాగితమో గుడ్డయో వేయాలి. అరిగిన అంచుకు బజారు బంగారు రంగు పూయించడం మాత్రం ఎన్నడూ చేయరాదు. అరుగుదలలో ఉన్న సాక్ష్యం దానితో చెరిగిపోతుంది.

చట్టం సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం, గడచిన యుగాల కళను, వృత్తులను తెలిపే నూరేండ్లు నిండిన వస్తువు పురావస్తువుగా పరిగణింపబడుతుంది. ప్రైవేటు వ్యక్తులు దానిని విదేశాలకు పంపరాదు. గల్ఫ్‌లో ఉన్న అన్నకో, అమెరికాలో ఉన్న చెల్లెలికో ముత్తవ్వ పళ్లెం పంపదలచినవారు ముందుగా దాని వయస్సు విచారించుకోవాలి.

ఈ సెలవులలో విద్యార్థులు చేయదగిన పని ఒకటి సూచిస్తున్నాము. ఇంటిలోని ప్రతి బంగారు అంచు పళ్లానికీ నోటు పుస్తకంలో ఒక పుట కేటాయించండి. వ్యాసం, బరువు, అంచు వెడల్పు కొలిచి వ్రాయండి. వెనుక ముద్రను ఉన్నది ఉన్నట్లు చేతితో గీయండి, ఛాయాచిత్రం కూడ తీయండి. పగులు, పెచ్చు ఎక్కడ ఉన్నదో గుర్తించండి. ఆ పిమ్మట పెద్దవారి దగ్గర కూర్చొని, ఈ పళ్లెం ఎవరి జహేజ్‌లో వచ్చినది, మద్రాసులో కొన్నారా, బొంబాయి నుండి తెచ్చారా, జోడు ఎన్ని ఉండేవి, మిగిలినవి ఏ ఇంటికి వెళ్లినవి అని అడిగి, వారు చెప్పిన మాటలలోనే, ఉర్దూలో చెప్పితే ఉర్దూలోనే, వ్రాసి తేదీ వేయండి. ముద్రలు అంతుపట్టనివారు పుస్తకం తీసుకొని తెలుగు శాఖకు రావచ్చును. పళ్లెం మాత్రం బస్సులో తేవద్దు.